పనాయిట్ కరమాన్‌ది కాని రక్తం

“ఆ రక్తం నాది కాదండీ!”

లోపలికి వచ్చిన మనిషి కుర్చీలో కూర్చోకుండానే అన్న మాట ఇది. గుమ్మానికి సరిపడా భుజాలు, నది గాలికి కమిలిన ముఖం, చేతిలో నలిగిపోయిన టోపీ. అంతటి మనిషి గొంతు వణుకుతుంటే సాండాకు జాలి కంటే ముందు ఆశ్చర్యం వేసింది. ఒక్తావ్ స్ట్రేజా దగ్గర సహాయకురాలిగా చేరిన నాటి నుంచీ భయపడి వచ్చినవాళ్ళను ఆమె చాలామందినే చూసింది. తన ఒంట్లో రక్తానికి భయపడి డిటెక్టివ్ దగ్గరికి వచ్చినవాణ్ణి చూడటం ఇదే మొదలు.

“ముందు కూర్చోండి. ఏ రక్తం?” అన్నాడు స్ట్రేజా.

“ఆసుపత్రిలో తీసింది. ఎవరిదో రక్తం చూసి, దానికి నా పేరు పెట్టి, గుండె రక్తనాళాలు పూడుకుపోతున్నాయని రాసిపారేశారు. నన్ను నది మీంచి దించేశారు. ఇప్పుడు ఊళ్ళో కుక్క కూడా నన్ను చూసి జాలిపడుతోంది.”

అతని పేరు పనాయిట్ కరమాన్. గలాట్స్ రేవుకు వచ్చే విదేశీ ఓడలెక్కి, డాన్యూబ్ నదిలోని ఇసుకమేటల మధ్య వాటికి దారి చూపే పైలట్. చక్కెర జబ్బు ఉంది గానీ మాత్రలతో అదుపులో ఉంది. ఊళ్ళోని మధుమేహ ఆసుపత్రి ఆ ఏడు ఒక పరిశోధన మొదలుపెట్టింది. చక్కెర ఉన్నవాళ్ళకు గుండె నాళాలు పూడటం మొదలైతే, నొప్పి కూడా తెలియక ముందే, రక్తంలోని కొన్ని పదార్థాలను కొలిచి ఆ సంగతి పసిగట్టవచ్చునా అని. పైలట్ల సంఘం తమలో చక్కెర ఉన్న ముగ్గురినీ పంపింది. ఫలితం చెడ్డగా వచ్చినవాడు ఓడ ఎక్కకూడదని షరతు. ఇద్దరు నిక్షేపంగా ఉన్నారన్నారు. కరమాన్ ఒక్కడే తప్పాడు.

అతను ఇంకా చెబుతుండగానే మెట్ల మీద నవ్వు వినిపించింది. మధ్యలో మలుపు దగ్గర ఎవరో ఆగి, కింద నేల తుడుస్తున్న ముసలమ్మతో సరసాలాడుతున్నారు. మళ్ళీ నాలుగు మెట్లు, మళ్ళీ ఓ జోకు. చివరికి సన్నగా, చలాకీగా, మీసం దువ్వుకుంటూ ఓ మనిషి గుమ్మంలో నిలబడ్డాడు.

“మా బావమరిది తీతు బర్లాన్,” అన్నాడు కరమాన్ విసుగ్గా. “రావద్దంటే వెంటపడి వచ్చాడు.”

“రాకపోతే ఎట్లా బావా? నువ్వు ఈ సారుకి ఏ పిచ్చి కథ చెబుతావో నేను వినొద్దూ?” తీతు కుర్చీలో కూలబడి, నుదుటి చెమట తుడుచుకుని, సాండాకు కన్ను గీటాడు. “చూడండి సార్, నేనూ పరీక్షకి వెళ్ళా. నేనూ పైలట్‌నే, నాకూ చక్కెరే. నా రక్తం బాగుందన్నారు. మా బావది బాగాలేదన్నారు. దీనికి డిటెక్టివ్ ఎందుకు? పథ్యం చాలు.”

“నోర్ముయ్‌రా,” అన్నాడు కరమాన్. తర్వాత స్ట్రేజా వైపు తిరిగి, “మొన్న బయట ల్యాబులో మళ్ళీ చేయించుకున్నా. అంతా బాగుంది. అదే అడిగితే ఆ డాక్టరమ్మ, రెండు నెలలు మాత్రలు మింగి కడుపు మాడ్చుకున్నావు కాబట్టి తగ్గింది, అది నా వైద్యం గొప్పతనం అంటోంది! గుండెకు చేసే పెద్ద పరీక్షకేమో ఎండాకాలం దాకా వంతు రాదట.”

స్ట్రేజా రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. చివరి వరస దగ్గర అతని వేలు ఆగింది. “ఇది కూడా తగ్గిందే,” అని గొణుక్కున్నాడు. సాండా తొంగి చూసింది. ఏవో అంకెలు. ఆమెకేమీ అర్థం కాలేదు.

*

కరమాన్ ఇంట్లో ఆ మధ్యాహ్నం చేపల పులుసు, మొక్కజొన్న సంకటి పెట్టారు. పెట్టారు అనడం కంటే బల్ల మీద విసిరారు అనడం నిజం. కరమాన్ భార్య జెనోవియా ప్రతి గిన్నెనూ చప్పుడు చేసి మరీ దింపింది.

“డిటెక్టివ్‌ని తెచ్చాడు! పని చేసుకునే మొగుడు ఉన్నవాళ్ళ ఇళ్ళకి చుట్టాలొస్తారు. నా ఇంటికి డిటెక్టివ్ వస్తాడు!”

“జెనోవియా, నెమ్మదిగా...”

“నెమ్మదేంటి? మా పుట్టింటి మగాళ్ళని చూడు. మా నాన్న చుక్కాని చేత్తో పట్టుకునే పోయాడు. మా అన్న ఓడ నిచ్చెన మీద పోయాడు. ఇద్దరూ యాభై చూడలేదు, అయినా చివరి రోజు దాకా పని చేశారు. మా తమ్ముడు తీతు చూడు, ఆ చక్కెరతోనే రోజూ ఓడలెక్కుతున్నాడు, వాడి రక్తం అద్దంలా ఉందట. ఈయనేమో సోఫాలో పడుకుని సాక్ష్యాలు వెతుకుతున్నాడు.”

“మీ ఆయన మొండివాడనుకుంటాను,” అన్నాడు స్ట్రేజా పులుసులో సంకటి ముంచుతూ.

“మొండా? క్రిస్మస్‌కి పెరట్లో పంది కోస్తుంటే వంటింట్లో దూరి తలుపేసుకునే శూరుడు!”

కరమాన్ ముఖం ఎర్రబడింది. చెంచా కింద పెట్టేసి బయటికి వెళ్ళిపోయాడు. ఇంత పొగరుబోతు ఆడదాన్ని ఎలా భరిస్తున్నాడో అనుకుంది సాండా. స్ట్రేజా మాత్రం పులుసు చాలా బాగుందని రెండోసారి వడ్డించుకున్నాడు.

*

పైలట్ల గదిలో మూడో మనిషి దొరికాడు. ఇలారియె గింపు. పరీక్షకు వెళ్ళిన ముగ్గురిలో అతనొకడు. కరమాన్‌ని దించేశాక పెద్ద ఓడల వంతు అతనికే వచ్చింది. ఇద్దరికీ ఇరవై ఏళ్ళుగా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని రేవంతా ఎరుగును.

“ఓహో, కరమాన్ గూఢచారులు!” గింపు లేచి నిలబడలేదు. “వాడి రక్తం కుళ్ళిపోతే దానికి నేను బాధ్యుణ్ణా? వెళ్ళి చెప్పండి, వాడి కుర్చీ చాలా మెత్తగా ఉందని.”

“మీ రక్తం మళ్ళీ ఒకసారి పరీక్షకి ఇస్తారా?”

“ఎందుకివ్వాలి?”

“ఇవ్వకపోతే మీరే మార్చారని కరమాన్ రేవంతా చెబుతాడు. నేను కాదనను.”

గింపు మెడ మీద నరం ఉబ్బింది. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. “పద. ఇప్పుడే. ఒక బకెట్టు తీసుకో.”

కరమాన్‌ను కబురు చేసి ఆసుపత్రికి రప్పించారు. తీతును కూడా రమ్మన్నారు. కానీ అతను అప్పటికే ఓ ఆయిల్ ఓడ ఎక్కి సముద్రం వైపు వెళ్ళిపోయాడు. పనిలో ఉన్నవాడు మరి, అనుకుంది సాండా.

ఆసుపత్రిలో డాక్టర్ స్తుర్జా వాళ్ళను నిలబెట్టే మాట్లాడింది. పరిశోధన అంతా ఆమెదే. సన్నటి పెదవులు, సూదిలాంటి చూపు.

“నా పరిశోధనలో తప్పు జరిగిందని చెప్పడానికి వచ్చారన్నమాట. మీకు వైద్యం తెలుసా?”

“తెలియదు. అందుకే అడుగుతున్నాను. నొప్పి లేనివాడికి గుండె జబ్బని ఎలా చెబుతారు?”

“చక్కెర నరాలను మొద్దుబారుస్తుంది. నాళం పూడుకుపోతున్నా గుండె నొప్పి తెలియకపోవచ్చు. మహా అయితే కాస్త ఆయాసం. దాన్ని వయసనుకుంటారు, సిగరెట్లనుకుంటారు. అందుకే రక్తాన్ని అడుగుతాం. ఇక వెళ్ళండి.”

“ఇంకొక్కటి. మాత్రలూ పథ్యంతో కరమాన్ రక్తంలో అన్నీ తగ్గాయన్నారు. ఈ చివరి వరసలోది కూడా తగ్గుతుందా?”

డాక్టర్ కాగితం లాక్కుని చూసింది. చాలాసేపు చూసింది.

“లైపోప్రోటీన్-ఎ,” అంది చివరికి. గొంతు మారింది. “అది... అది తల్లిదండ్రుల నుంచి వచ్చేది. పుట్టుకతో ఎంత ఉంటే దాదాపు అంతే ఉంటుంది. తిండి మానినా, ఈ మాత్రలు మింగినా ఇంతలా తగ్గదు. ఆ బయటి ల్యాబువాళ్ళే తప్పు కొలిచి ఉంటారు.”

“అయితే మీ చేత్తోనే మళ్ళీ తియ్యండి. మీరే కొలవండి.”

గింపుకు కుర్చీలో కూర్చోబెట్టే రక్తం తీశారు. అతను సూది వంకే గుడ్లురిమి చూశాడు. తర్వాత కరమాన్ వంతు. అతను నోరు తెరవకముందే నర్సు అనేటా గోడవార మంచం లాగి, దిండు సర్ది, “ఇక్కడ పడుకోండి,” అంది. కరమాన్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. డాక్టర్ విసుక్కుంది, కుర్చీ ఉండగా మంచం ఎందుకని. అనేటా అప్పటికే సూది తీసింది.

“మొదటిసారి రక్తం తీసినప్పుడు గొట్టాల మీద పేర్లు ఎవరు అంటించారమ్మా?” అని అడిగాడు స్ట్రేజా.

“నేనే. ఎప్పుడూ నేనే. మనిషి ముందే అంటిస్తాను. కావాలంటే నా ఉద్యోగం తీయించండి!” అంటూ ఆమె ట్రే ఎత్తుకుని విసవిసా వెళ్ళిపోయింది.

ఫలితాలు వచ్చాయి. కరమాన్ రక్తం శుభ్రంగా ఉంది, చివరి వరసతో సహా. గింపుదీ అంతే, మొదటిసారి ఎంతో ఇప్పుడూ అంతే.

“అయితే గింపు కాదన్నమాట,” అంది సాండా. ఆమె గొంతులో నిరాశ దాగలేదు. ఆ మనిషే అయితే బాగుండునని ఆమె మనసులో గట్టిగా ఉంది.

“నీకు నచ్చనివాడల్లా దొంగ కాడు సాండా. ఇందాకటి నుంచి మనమంతా ఎవరు మార్చారని వెతుకుతున్నాం. అసలు భయపడాల్సింది వేరే. ఆ చెడ్డ రక్తం ఎవరిదో ఒకరిది. ఆ మనిషి తనకేమీ లేదన్న కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. నాకు తెలిసి ఈ క్షణాన ఓ ఆయిల్ ఓడ మీద ఉన్నాడు. వెంటనే రేవుకి ఫోన్ చెయ్. వాడు దిగగానే అందరూ పైలట్ల గదిలో ఉండాలి.”

*

అందరూ వచ్చారు, ఎవరి ముఖంలోనూ ప్రసన్నత లేదు. గింపు కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కరమాన్ అతనికి వీలైనంత దూరంగా కూర్చున్నాడు. డాక్టర్ స్తుర్జా కోటు విప్పలేదు. జెనోవియా తమ్ముడి పక్కన కూర్చుని అతని భుజం మీద దుమ్ము దులిపింది. అనేటా తలుపు దగ్గరే ఆగిపోయింది.

“కరమాన్ చెప్పింది నిజం,” అని మొదలుపెట్టాడు స్ట్రేజా. “అతని పేరు మీద కొలిచిన రక్తం అతనిది కాదు. పుట్టుకతో వచ్చిన గుణం రెండు నెలల్లో మాయం కాదు. ఇది డాక్టర్ గారి మాటే.”

డాక్టర్ పెదవి కొరుక్కుంది.

“ఆ ఉదయం రక్తం ఇచ్చినవాళ్ళు ముగ్గురు. గింపు నిన్న మళ్ళీ ఇచ్చాడు, అదే ఫలితం వచ్చింది. గింపూ, మీ నోరు చెడ్డది గానీ రక్తం మంచిది.”

“ఏడ్చావు,” అన్నాడు గింపు.

“ఇక మార్చడం ఎలా కుదిరింది? అనేటాకు కరమాన్ సంగతి ముందే తెలుసు. అతను అడగకుండానే మంచం వేసింది. పందిని కోస్తే చూడలేని మనిషి తన రక్తం చూసి ఏమవుతాడు? కరమాన్, ఆ రోజు ఏం జరిగింది?”

కరమాన్ నేల చూపులు చూశాడు. “పడిపోయా,” అన్నాడు వినీ వినిపించకుండా.

గింపు పకపకా నవ్వాడు. ఎవరూ కలవకపోవడంతో మధ్యలోనే ఆపేశాడు.

తలుపు దగ్గర అనేటా ఏడుపు మొదలుపెట్టింది. “గింపు గారు అప్పటికే వెళ్ళిపోయారు. ఈయనకి గొట్టాలు నిండగానే చెట్టు కూలినట్టు పడిపోయాడు. నేను నీళ్ళ కోసం పరిగెత్తాను. వీళ్ళిద్దరి గొట్టాలూ, స్టిక్కర్లూ బల్ల మీదే ఉన్నాయి. తిరిగొచ్చేసరికి అన్నీ అంటించేసి ఉన్నాయి. ‘నీ పని కూడా నేనే చేసిపెట్టానమ్మాయ్, ఇక మా బావని లేపు’ అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఎవరికైనా చెబితే నా ఉద్యోగం పోతుందని...”

ఆమె వేలు ఎటు చూపిస్తోందో చూడటానికి అందరూ తిరిగారు. జెనోవియా చెయ్యి తమ్ముడి భుజం మీద అలాగే ఉండిపోయింది.

“బాగుంది నాటకం!” అన్నాడు తీతు. “సాయం చేసినవాడే దొంగా? తొందరలో అటూ ఇటూ అయ్యుంటాయి. నా రక్తం బాగుందో లేదో నాకేం తెలుసు?”

“తెలుసు. మీ నాన్నా అన్నా యాభై లోపు ఎలా పోయారో మీకు తెలుసు. మా ఆఫీసు మెట్లు ఎక్కేటప్పుడు మీరు మలుపు మలుపుకీ ఆగి జోకులేశారు. ఊపిరి అందక ఆగారు, జోకు ఆ సంగతి దాచడానికి. సాండాకు మీ జోకులు నచ్చాయి. నాకూ నచ్చాయి. కానీ పైకి వచ్చాక కుర్చీలో కూలబడ్డారు. చలికాలంలో మీ నుదురంతా చెమట.”

“ఊహలు! నిరూపించు!”

“ఒక్క సూది చాలు. డాక్టర్ గారు సరంజామా తెచ్చారు. చెయ్యి చాపండి.”

తీతు చెయ్యి చాపలేదు. మీసం దువ్వుకోబోయి, మధ్యలో మానేశాడు.

“నువ్వు ఎద్దులా గట్టిగా ఉన్నావు బావా,” అన్నాడు వేరే గొంతుతో. “రెండోసారి చేస్తే నువ్వు ఎలాగూ బయటపడతావనుకున్నా. నాకైతే అదే ఆఖరు. ఓడ దిగితే నేనెవణ్ణి?”

“రెండు నెలలు!” కరమాన్ లేచాడు, కుర్చీ వెనక్కి పడింది. “రెండు నెలలు రోజూ చస్తానేమోనని పడుకున్నా. ఆ భయం నీదిరా, నా నెత్తిన పెట్టావు! ఆదివారం మా ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని తింటూ, ఉప్పు తగ్గించు బావా అన్నావు!”

జెనోవియా తమ్ముడి చెంప పగలగొట్టింది. ఇంకోటి కొట్టబోతుంటే స్ట్రేజా ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“చాలమ్మా. ఇంకో మాట ఉంది. ఇది మీతోనే చెప్పాలి. ఆ రక్తం మీ నాన్నది, మీ అన్నది, మీ తమ్ముడిది.” అతను చెయ్యి వదిలేశాడు. “మీదీ కావచ్చు.”

ఆమె ముఖంలో కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. మొగుడి వంక చూసింది. ఆ రెండు నెలల్లో ఆమె అతని వంక అలా చూడలేదు.

“పిల్లలకి?” అంది.

“వాళ్ళకీ చూడాలి,” అంది డాక్టర్ స్తుర్జా. ఆ రోజు ఆమె మెత్తగా అన్న మాట అదొక్కటే.

జెనోవియా తమ్ముడి కోటు తీసి అతని ఒళ్ళోకి విసిరింది. “లే. నాతో ఆసుపత్రికి నడు. మెట్ల దగ్గర ఆగాలనిపిస్తే ఆగు, కానీ జోకు వేశావో, అక్కడే పాతేస్తాను.”

*

తీతు గుండె నాళాల్లో రెండు దాదాపు మూసుకుపోయాయని తేలింది. అదే రోజు బుకారెస్ట్‌కు తరలించి, వాటిలో స్టెంట్లు వేశారు. పైలట్ పని మాత్రం శాశ్వతంగా పోయింది. జెనోవియా రక్తంలోనూ ఆ చివరి వరస ఎక్కువే ఉంది. పెద్ద కొడుక్కీ ఉంది, చిన్నవాడికి లేదు. అయితే ఆమె నాళాలు ఇంకా తెరిచే ఉన్నాయి. మందులతో, జాగ్రత్తతో కాపాడుకోవచ్చన్నారు. కరమాన్ మళ్ళీ నది మీదకు వెళ్ళాడు. గింపు తన కుర్చీ ఖాళీ చేస్తూ దాన్ని కాలితో తన్నాడని రేవులో చెప్పుకున్నారు. డాక్టర్ స్తుర్జా ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.

కొన్నాళ్ళకు జెనోవియా ఒంటరిగా స్ట్రేజా ఆఫీసుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఒకటి అడగాలని వచ్చాను. వాడు ఆ వెధవ పని చెయ్యకపోతే మీరు మా ఇంటికే వచ్చేవారు కాదు. నా రక్తం సంగతి నాకు తెలిసేదే కాదు. అంటే వాడు నన్ను కాపాడినట్టేగా?”

స్ట్రేజా అవునంటే బాగుండునని సాండా మనసు కొట్టుకుంది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఆమె స్ట్రేజా వంక చూసింది.

“లేదమ్మా,” అన్నాడు స్ట్రేజా. “తన గొట్టం మీద తన పేరే ఉండనిచ్చి ఉంటే, ‘మీ అక్కని కూడా తీసుకురా’ అని డాక్టరు మొదటి వారమే చెప్పేది. మీకు రావలసిన ఆ మాటని రెండు నెలలు ఆపింది మీ తమ్ముడే. ఆ రెండు నెలల్లో మీకేమీ కాకపోవడం మీ అదృష్టం. అందులో వాడి మంచితనం ఏమీ లేదు.”

జెనోవియా కిటికీలోంచి రేవు వైపు చూసింది.

“నాకూ అలాగే అనిపించింది,” అంది. “ఇంకొకరి నోట వినాలని వచ్చాను. రేపు వాడు బుకారెస్ట్ నుంచి వస్తున్నాడు. ఎక్కడికి పోతాడు, మా గుమ్మంలోకే వస్తాడు. మా ఆయన తలుపు తియ్యొద్దంటున్నాడు.”

“మీరేం చేస్తారు?” అని అడిగింది సాండా.

“తీస్తాను. తీసి, మీరు ఇప్పుడన్న మాట వాడి ముఖం మీదే అంటాను. ఆ తర్వాత లోపలికి రావాలో వద్దో వాడే తేల్చుకుంటాడు.”

ఆమె స్కార్ఫు బిగించి కట్టుకుని, నెమ్మదిగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.